సముద్రపు దొంగల చేతిలో తమ్ముడు, కలకత్తా ఆఫీసుల్లో మేము

కలకత్తా వెళ్ళొచ్చానని తెలియగానే మా బళ్ళో తోటి టీచర్లు అడిగిన మొదటి మాట రసగుల్లాలు తెచ్చావా అని. తేలేదు. కాళీ గుడికి వెళ్ళలేదు, విక్టోరియా మహలు చూడలేదు. ట్రాము ఎక్కాను కానీ అది తప్పుడు ట్రాము. నేను చూసిన కలకత్తాలో ఎక్కువ భాగం బల్లలు, బల్లల వెనక కుర్చీలు, ఆ కుర్చీల్లో మనుషులు. వాళ్ళ మీద వచ్చిన కోపం నాకింకా దిగలేదు. దిగకముందే రాసెయ్యాలని కూర్చున్నాను.

మా తమ్ముడు కూర్మారావు సరుకు ఓడల్లో ఇంజను గదిలో పనిచేస్తాడు. పోయిన వానాకాలంలో అతనున్న ఓడను సోమాలియా దొంగలు తుపాకులతో ఎక్కి పట్టుకున్నారు. అప్పటినుంచీ ఓడా, అందులో మనుషులూ ఆ తీరంలోనే ఉండిపోయారు. వాణ్ణి ఆ ఓడ ఎక్కించిన ఏజెంటు ఉండేది కలకత్తాలో. ఓడల్లో పనిచేసేవాళ్ళ బాగోగులు చూడవలసిన సర్కారు ఆఫీసు కూడా అక్కడే ఉంది. ఫోన్లు చేసి చేసి విసిగిపోయి, చలి కాస్త తగ్గాక, వాళ్ళ పాపని ఊళ్ళో వదిలి, నేనూ మా తమ్ముడి భార్య నీలవేణీ బయల్దేరాం. ఇది రాస్తున్న నాటికి మా తమ్ముడు ఇంటికి రాలేదు. ఎప్పుడైనా ఫోను మాత్రం వస్తోంది.

పలాస నుంచి హౌరా

పలాసలో రైలెక్కాం. సంచిలో మా మేనమామ అప్పన్న ఇంటికని జీడిపప్పు, ఎండు నెత్తళ్ళు పెట్టుకున్నాం. మావయ్య పదహారేళ్ళప్పుడు కలకత్తా రేవుకి కూలీగా వెళ్ళి, అక్కడే పెళ్ళాడి, అక్కడే ముసలివాడయ్యాడు. మా తమ్ముడికి ఓడల పిచ్చి పట్టింది కూడా సెలవులకి ఆ ఇంటికి వెళ్ళినప్పుడే.

ఇచ్ఛాపురం దాటాక పెట్టెలో తెలుగు పలచబడింది. బరంపురంలో ఎక్కినామె ముంత మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి ఐదు రూపాయలకి పొట్లం కట్టి ఇచ్చింది. మన దగ్గర మరమరాలంటే కారప్పొడీ వేరుశనగగుళ్ళూ తప్ప, పచ్చి నూనె పోస్తారా? మొదటి ముద్దకి ముక్కుపుటాలు అదిరాయి. రెండో ముద్దకి బాగుందనిపించింది. నీలవేణి తినలేదు. కిటికీ అవతల చిలక సరస్సు కనబడుతుంటే మొహం ఇటు తిప్పుకుని కూర్చుంది. ఆ మధ్య తను నీళ్ళవైపు చూడటం మానేసింది.

మా ఎదురు సీట్లో విశ్వనాథం గారని నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. విశాఖవాసి. కొడుకు రైల్వేలో ఉన్నాడట, ఖరగ్‌పూర్ వెళ్తున్నారు. మా పని ఏమిటో విన్నారు. తర్వాత గొంతు తగ్గించి నాతో అన్నారు:

"ఏమీ అనుకోకండి టీచరుగారూ. డబ్బిస్తే దొంగ బలుస్తాడు. ఈ ఓడకిచ్చిన డబ్బుతో పడవలు కొంటాడు, తుపాకులు కొంటాడు, ఇంకో ఓడ మీద పడతాడు. ఎవడూ పైసా ఇవ్వకూడదు. తుపాకీకి తుపాకీతోనే చెప్పాలి."

"మరి లోపలున్నవాళ్ళ సంగతేమిటండీ?" అన్నాను.

"యుద్ధమన్నాక కొంతమంది..." అని నీలవేణి వైపు చూసి ఆగిపోయారు. తర్వాత తన డబ్బాలోంచి మాకు చెరో అరిసె తీసిచ్చారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మాటలో తప్పు కూడా లేదు. ఇచ్చిన ప్రతి రూపాయీ ఇంకొకరి తమ్ముడి మెడకి చుట్టుకుంటుందని నాకు తెలుసు. యుద్ధనౌకలు పంపి దారి కాయించడం మంచిదే, దొంగల్ని పట్టుకోవడమూ మంచిదే. నేను కాదనను. కానీ "ఇవ్వం" అన్నవాడు, ఇవ్వకుండా వాళ్ళనెలా తెస్తాడో కూడా చెప్పాలి కదా? అది చెప్పకుండా "ఇవ్వం" అని ఊరుకుంటే, మీ తమ్ముణ్ణి మేం వదిలేశాం అనే కదా దానర్థం. ఈ మాట ఆయనతో అంటే, "అవునమ్మా, అది మాత్రం ఎవరూ చెప్పరు" అని ఖరగ్‌పూర్‌లో దిగిపోయారు.

బంద్ నాడు

హౌరాలో దిగేసరికి బంద్. ఏ పార్టీ పిలిచిందని ఇద్దర్ని అడిగితే రెండు పేర్లు చెప్పారు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి ముప్పై ఏళ్ళు దాటిన ఊరది, ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. గోడలన్నీ కొత్త సున్నం, కొత్త రాతలు. మన దగ్గర బంద్ అంటే పొద్దున్న రెండు గంటలు షట్టర్లు దించి, వెనక తలుపు తీసి వ్యాపారం చేసుకోవడం. అక్కడ అలా కాదు, నిజంగానే ఆపేస్తారు. బస్సు లేదు, టాక్సీ లేదు, అవతలి ఒడ్డుకి లాంచీ లేదు. రోడ్డు మధ్య వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు.

సంచులు మోసుకుని వంతెన మీద నడిచాం. సగం దూరంలో నా సంచి పట్టీ తెగింది. ఎండు నెత్తళ్ళ పొట్లం పగిలి ఆ వాసన గాలంతా పట్టుకుంది. అక్కడ కాపలా ఉన్న పోలీసు ముక్కు మూసుకోకపోగా దగ్గరకొచ్చి ఆప్యాయంగా వాసన పీల్చాడు. "శుఁట్కీ?" అని అడిగాడు. ఎండుచేపలే అన్నాను. తన బూటు లేసుతో నా సంచి కట్టిపెట్టాడు. గుప్పెడు నెత్తళ్ళిస్తే కాయితంలో చుట్టుకుని టోపీ కింద పెట్టుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో సర్కారు బట్టలు వేసుకున్నవాడు మాకు చేసిన సాయం అదొక్కటే.

అవతలి ఒడ్డున మట్టి ముంతలో టీ తాగాం. మూడు రూపాయలు. తాగి ముంత నేలకేసి కొట్టాలట. నీలవేణికి చేతులు రాక ముంత కడిగి సంచిలో వేసుకుంది. చివరికి ఒక రిక్షాబండివాడు, చెక్క పలక మీద సరుకు మోసే మూడు చక్రాల బండి, మామూలు రేటుకి మూడింతలడిగి, మావయ్య ఉండే గార్డెన్ రీచ్ దాకా తీసుకెళ్ళాడు. దారంతా నాకు ఒకటే ఆలోచన. ఏదో ధర పెరిగిందని ఇంత మహానగరాన్ని ఆపగలరే, ఓడంత మంది మనుషులు నెలల తరబడి తుపాకుల మధ్య ఉంటే ఈ దేశంలో ఒక్క సైకిలైనా ఆగలేదు.

గార్డెన్ రీచ్

మావయ్య ఇల్లు రేవు గోడ పక్క సందులో ఉంది. రెండు గదులు. గోడ అవతల క్రేన్ల తలలు కనబడతాయి. గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఓలమ్మ, వొచ్చీసినార్రా! ఈ బంద్‌లోన ఎలగొచ్చినారు? ఏటే కోడలా, సగమైపోనావు!"

మా అత్త రోహు చేప పులుసు పెట్టింది. చింతపండు మనది, ఆవనూనె వాళ్ళది, చివర్లో పంచదార చిటికెడు. తియ్యటి చేపల పులుసేమిటని నేను మొహం పెడితే, "నలభయ్యేళ్ళు బట్టి తింతన్నాను, సావనేదు కదా" అన్నాడు మావయ్య. మనవరాలు నాతో చక్కగా మన యాసలో మాట్లాడింది. నా చేతిలో తెలుగు వారపత్రిక తీసుకుని తలకిందులుగా పట్టుకుని బొమ్మలు చూసి ఇచ్చేసింది.

తింటూండగా ఫోను మోగింది. నీలవేణి ఎంగిలి చేత్తోనే ఎత్తింది. నంబరు చూస్తేనే తెలుస్తుంది, ఓడ నుంచి దొంగలు చేయించే ఫోను.

"ఆఁ, మేం బాగున్నాం," అంది. "పాప బాగున్నాది. కంపెనీవోలు సూస్తన్నారు. సర్కారోలు ఇంటికొచ్చి మరీ సెప్పినారు. రేపో మాపో వొచ్చీస్తావు, నువ్వేటీ బెంగెట్టుకోకు."

సర్కారువాళ్ళెవరూ మా ఇంటికి రాలేదు. కంపెనీవాడు ఫోనెత్తడం మానేసి చాలా రోజులైంది. ఇలా ఎందుకు చెబుతోందో మా తీరంలో పుట్టినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతావారికి చెప్పాలి. నీళ్ళ మీదున్న మనిషికి మేం చెడ్డ కబురు చెప్పం. వాడి మనసు ఇంటివైపు లాగితే చెయ్యి తప్పుతుందని భయం. మా నాన్న చేపల వేటకి వెళ్ళిన ఒక రోజున మా ఇంటి కప్పు కాలిపోయింది. పడవ కనబడగానే మా అమ్మ ఒడ్డుకెళ్ళి, పడవని ఇసుక మీదికి లాగేదాకా అంతా బాగుందనే అరుస్తూ నిలబడింది. నీలవేణి కూడా నేర్చుకున్నది అదే. తను దాన్ని అబద్ధమనుకోలేదు. ఇంట్లో దీపం పెట్టడం ఎలాగో, ఇదీ అలాగే తను చెయ్యవలసిన పని అనుకుంది.

అటునుంచి మా తమ్ముడి అరుపు మాకందరికీ వినబడింది.

"ఇంకాపు! నెలల బట్టీ రేపు రేపంటన్నావు. నువ్వు సెప్పిన మాటే నాను ఈళ్ళకి సెప్పినాను. మా సర్కారు మాటాడతన్నాది, డబ్బులొస్తన్నాయి అనీసి. నమ్మి కూకున్నారు. ఏటీ రానేదు. అబద్ధాలాడతన్నానని తుపాకీ మడమతో కొట్టినారు. సెయ్యి ఇరిగిపోనాది, లెగటం నేదు."

నీలవేణి ఫోను చెవి నుంచి దించేసింది. ఫోను నేను తీసుకున్నాను.

"అక్కా, నువ్వూ ఉన్నావా? ఇను. ఎల్లుండి మజ్జానం మళ్ళీ సేయిస్తారంట. ఆడోల్తో మాటలొద్దన్నారు. కంపెనీవోడో సర్కారోడో, ఎవులో ఒక పెద్ద మనిసి ఫోను కాడ ఉండాల. డబ్బు సంగతి తరవాతక్కా, ముందు మాటాడ్డానికి ఒక మనిసి కావాల. నేకపోతే నన్ను ఒడ్డుకి దింపీసి ఎక్కడికో తీసుకుపోతామంతన్నారు."

ఫోను తెగిపోయింది.

ఆ సాయంత్రం నీలవేణి గోడకి జేరబడి, "నానే కొట్టించినానొదినా" అని ఒకటే మాట అంటూ కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ తన మీద కాదు. పట్టుబడిన మనుషులకి ఇన్ని నెలల్లో మన దేశం ఒక్క మాట పంపలేదు. ఆ ఖాళీలో పడి, భర్తని ఊరడించడానికి ఒక ఆడమనిషి వంటింట్లోంచి చెప్పిన మాట సర్కారు మాటగా చెల్లిపోయింది. తుపాకులవాళ్ళు దాన్నే నమ్మి లెక్కలేసుకున్నారు, చివరికి దానికే మా తమ్ముడు దెబ్బలు తిన్నాడు. సర్కారు చెయ్యవలసిన పని మా మరదలి నెత్తిన పడితే తను తనకి తెలిసినట్టు చేసింది.

ఖిదిర్‌పూర్

మర్నాడు పొద్దున్నే మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మమ్మల్ని తన యూనియన్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. ఉద్యోగమంతా ఆ జెండా మోశాడు, ఊరేగింపుల్లో లాఠీ దెబ్బలు తిన్నాడు. అక్కడి నాయకుణ్ణి దాదా, అంటే అన్నా, అనే పిలుస్తాడు, వయసులో తనకంటే పాతికేళ్ళు చిన్నవాడైనా. దాదా మాకు కుర్చీలు వేయించాడు, సానుభూతిగా విన్నాడు, తల పంకించాడు. తర్వాత అన్నాడు, ఆ ఓడ విదేశీ జెండాది, మా యూనియన్ పరిధిలోకి రాదు అని. ఒక్క మాట ఫోన్లో మాట్లాడితే చాలని నేను హిందీలో బతిమాలాను. "దీదీ, నేను మాట్లాడి తర్వాత ఏమైనా జరిగితే?" అన్నాడు. బయటికొచ్చాక మావయ్య చాలాసేపు చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగే ఉన్నాడు.

ఏజెంటు పాల్ బాబు ఆఫీసు ఖిదిర్‌పూర్‌లో, గడియారాల షాపు మీద మేడపై ఉంది. మెట్ల మీద కుర్రాళ్ళు ఫైళ్ళు పట్టుకుని వరసలో ఉన్నారు, ఓడలెక్కడానికి. ఒకడు మన సోంపేటవాడే. నన్ను చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పాల్ బాబు మహా మర్యాదస్తుడు. కొత్త బెల్లంతో చేసిన సందేశ్ అనే మిఠాయి తెప్పించి పెట్టాడు. కోపంలో ఉన్నానని మరిచిపోయి రెండు తిన్నాను. అంత బాగుంది. ఆ తర్వాత అంత బాగున్నందుకు కూడా వాడి మీదే కోపం వచ్చింది.

"హోబే, హోబే," అన్నాడు. అవుతుంది, అవుతుంది అని. ఆ మాటకి ఆ ఊళ్ళో అంతులేదు. "పేపర్లకి ఎక్కకండి, గొడవ చెయ్యకండి. గొడవ చేస్తే దొంగ రేటు పెంచుతాడు. మీరు ధైర్యంగా మాట్లాడుతూ ఉండండి."

"ఓనరు ఎక్కడ?" అన్నాను.

ఓనరు గల్ఫులో ఒక ఊళ్ళో ఉన్నాడట. కాదు, కంపెనీ పేరు మారిందట. ఓడ నడిపించే కంపెనీ వేరట, అది ఇంకో దేశంలో ఉందట. సరుకు వాళ్ళు బీమా తీసుకుని తప్పుకున్నారట. జెండా ఏదో ద్వీప దేశానిది. ఈ చిక్కుముడంతా వాడు ఎంత హాయిగా చెప్పాడంటే, అది తెలియకుండా పడింది కాదని, కావాలనే వేసి పెట్టుకున్నదని నాకు అర్థమైంది. లాభం వచ్చిన రోజున ఓడకి ఓనరు దొరుకుతాడు. దొంగలెక్కిన రోజున ఎవడూ దొరకడు.

"సరే, మీరే మాట్లాడండి రేపు ఫోన్లో," అన్నాను.

పాల్ బాబు నీళ్ళు నమిలాడు. తను మనుషుల్ని పంపేవాడు మాత్రమేనట. "నేను చిన్నవాణ్ణి దీదీ. గవర్నమెంటు దగ్గరికి వెళ్ళండి."

కిందికొచ్చాక మెట్ల మీద కుర్రాళ్ళతో, "ఒరే, ఏ జెండా ఓడో అడిగి ఎక్కండర్రా!" అని అరిచాను. సోంపేట కుర్రాడు, "ఏ జెండా అయితే ఏటండీ, పని కావాల కదా" అన్నాడు. ఆ ఒంటి మంటలోనే ఎదురుగా వచ్చిన ట్రాము ఎక్కేశాం. అరగంట పోయాక తెలిసింది, మావయ్య ఇంటి వైపు కాదు, పూర్తిగా అటువైపు పోతోందని. కండక్టరు తిరుగు టిక్కెట్టుకి డబ్బులడక్కుండా అదే ట్రాములో వెనక్కి కూర్చోబెట్టాడు.

డల్హౌసీలో మధ్యాహ్నం

మిగిలింది సర్కారు ఆఫీసు ఒక్కటే. అక్కడి పెద్ద అధికారి మన తెలుగాయనేనని మావయ్య ఎవరినో అడిగి కనుక్కొచ్చాడు. ఆ మాట వినగానే నీలవేణి ఆ రాత్రి రెండు ముద్దలు తింది. పొద్దున్న తలస్నానం చేసి, ఫోను నిండా చార్జింగు పెట్టుకుని, రుమాల్లో చుట్టుకుని బయల్దేరింది. డల్హౌసీ అనే ఆఫీసుల పేటలో ఆ పాత మేడల మధ్య ఫుట్‌పాత్ మీద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళని, పక్కనే పూరీల్లాంటి వేడి వేడి లూచీలు వేయిస్తున్నవాళ్ళని దాటుకుని వెళ్ళాం. ఆకలి వేస్తున్నా ఎవరమూ ఆగలేదు.

అధికారి గారు నిజంగా తెలుగువారే, కృష్ణా జిల్లా మాట. లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "మనవాళ్ళు వచ్చారంటే సంతోషం," అన్నారు. ఆఫీసు పేరూ ఆయన పేరూ నేను రాయను. ఆయన్నొక్కణ్ణే తిడితే మిగతావాళ్ళంతా తప్పించుకుంటారు.

మధ్యాహ్నం ఫోను వస్తుందని, ఒక్కసారి మాట్లాడమని చెప్పాను.

"అమ్మా, ప్రభుత్వ విధానం ప్రకారం మేం దొంగలతో నేరుగా మాట్లాడకూడదు. ఓడ ఏ దేశం జెండా కింద ఉందో మొదటి బాధ్యత ఆ దేశానిది. వాళ్ళకి మేం రాశాం."

"వాళ్ళకి యుద్ధనౌకలు ఉన్నాయాండీ?"

"అది నాకు తెలియదమ్మా."

"నేను సోషల్ టీచర్నండీ. ఆ దేశాన్ని అట్లాసులో భూతద్దం పెట్టి వెతికాను. మా మండలం అంత ఉంటుందేమో. దాని జెండా ఎగరేసిన ఓడలు మాత్రం లోకంలో ప్రతి రేవులోనూ ఉన్నాయి. అది ఏం కాపాడుతుందండీ మా తమ్ముణ్ణి?"

నేను ఆగలేదు. నెలల తరబడి కడుపులో రగులుతున్నదంతా ఆ బల్ల మీద కక్కాను.

"ఆ ఓడలెక్కడానికి మనవాళ్ళ నావిక పుస్తకాల మీద ముద్ర వేస్తున్నది మీరు కాదా? ఆ ముద్ర వేసే ముందే ఓనరుని పట్టుకోండి. మనుషులు పట్టుబడితే విడిపించే భారం నాదేనని, అప్పటిదాకా ఇంటికి జీతం ఆపనని వాడిచేత ఒప్పించండి. ఒప్పుకోనివాడికి మన పిల్లల్ని ఇవ్వకండి. మాట తప్పితే వాడి ఇంకో ఓడ మన రేవుకి వచ్చినప్పుడు కదలనివ్వకండి. దొంగ సముద్రం మీద ఉంటాడు, వాడికి పడవలకీ తుపాకులకీ పెట్టుబడి పెట్టేవాడు ఏదో ఊళ్ళో మేడలో ఉంటాడు కదా, దేశాలన్నీ కలిసి ఆ మేడ మీదికి వెళ్ళండి. యుద్ధనౌకలు పంపుతారా, పంపండి. దొంగని పట్టుకున్న రోజున వాడి జతగాళ్ళ చేతిలో మన మనుషులున్నారని కూడా గుర్తుపెట్టుకోండి. డబ్బివ్వకూడదంటారా, ఇవ్వకండి. మాట్లాడటానికి డబ్బెందుకండీ? ఒక మనిషిని పెట్టండి. పేరున్న మనిషి, ఫోనెత్తే మనిషి, ఇటు మాకూ అటు వాళ్ళకీ నిజం చెప్పే మనిషి."

ఆయన శ్రద్ధగా విన్నారు. "మంచి సూచనలమ్మా," అన్నారు. "రాసి ఇవ్వండి, పైకి పంపిస్తాను."

నేను కుర్చీలోంచి లేచిపోయేదాన్నే. ఫోను మోగింది.

నీలవేణి రుమాలు విప్పి, స్పీకరు నొక్కి, ఫోను ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఎవడిదో కొత్త గొంతు, "బిగ్ మ్యాన్? బిగ్ మ్యాన్ దేర్?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత మా తమ్ముడి గొంతు వచ్చింది.

"ఎవులైనా వొచ్చినారా?"

అధికారి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. అరచెయ్యి ఫోనుకి అడ్డం పెట్టి చాలా నెమ్మదిగా అన్నారు: "నేను మాట్లాడితే ప్రభుత్వం మాట్లాడినట్టవుతుందమ్మా. మీరే చెప్పండి. ప్రయత్నాలు జరుగుతున్నాయి, త్వరలో అంతా సర్దుకుంటుంది, ధైర్యంగా ఉండమనండి."

"ఆ మాట నాను సెప్పీసినాను బాబూ," అంది నీలవేణి. "నెలల బట్టీ అదే సెప్పినాను. ఆ మాటకే మా ఆయన సెయ్యి ఇరిగింది."

ఆయన చెయ్యి తీశారు. నీలవేణి ఫోను మీదికి వంగింది. పెళ్ళయిన నాటినుంచీ నీళ్ళ మీదున్న భర్తకి తను ఒక్క చెడ్డ కబురు చెప్పి ఎరగదు.

"ఇను," అంది. "ఎవులూ రానేదు. సర్కారోలు మన ఇంటికెప్పుడూ రానేదు, నానే అబద్ధం సెప్పినాను. కంపెనీవోడు ఫోనెత్తడు. ఇక్కడొక పెద్ద మనిసి ఉన్నాడు, నా ఎదురుగానే కూకున్నాడు. మాటాడడంట."

అటు గాలి హోరు వినబడింది. ఎవరో గట్టిగా ఏదో అడిగారు. మా తమ్ముడు వాళ్ళకి ఏదో చెప్పాడు. మళ్ళీ వాళ్ళు అడిగారు.

"ఈళ్ళు అడుగుతన్నారు," అన్నాడు మా తమ్ముడు. వాడి గొంతులో కోపం లేదు. "నువ్వెవులి మనిసివి, నీ తరపున వొచ్చేవోడెవుడు అంటన్నారు. ఏటి సెప్పమంతావు?"

నీలవేణి తలెత్తి అధికారి గారి వైపు చూసింది. నేనూ చూశాను, గుమ్మం దగ్గర మావయ్యా చూశాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. తుడవడం ఎంతకీ అవలేదు.

"నా మనిసివని సెప్పు," అంది నీలవేణి.

ఫోను తెగిపోయింది. అధికారి గారు బెల్లు కొట్టి, ప్యూను రాగానే మాకు మూడు టీలు చెప్పారు. మేం తాగకుండా లేచి వచ్చేశాం.